క్యాప్స్ లాక్ మీద బొట్టు

ఈ రోజు పొద్దున నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కి కూర్చుని, కళ్ళజోడు కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చూపుడువేలి కొసకు మెత్తగా ఏదో అంటుకుంది. తీసి చూస్తే మెరూన్ రంగు బొట్టుబిళ్ళ. సంచి అడుగున ప్యాకెట్టు చిరిగి, ప్లాస్టిక్ కాగితం మీంచి ఒకటి ఊడి వచ్చినట్టుంది. పక్క సీటులో కూర్చున్నావిడ నా వేలి వంకా బొట్టులేని నా నుదుటి వంకా మార్చి మార్చి చూసి, "పెట్టుకో అమ్మా, మొహం బోసిగా ఉంది" అంది. నవ్వి, దాన్ని మళ్ళీ ప్యాకెట్టుకే అంటించాను. మాది వీరులపాడు. మా నాన్న బడిపంతులు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవాడు. మా ఇంట్లో నాకు తెలిసి ఎవరూ బొట్టు పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోను. అయినా ఫోను మర్చిపోయి ఇల్లు కదిలిన రోజులున్నాయి కానీ ఈ ప్యాకెట్టు మర్చిపోయి కదిలిన రోజు లేదు. మొదట్లో మా అమ్మ నా సంచి సర్దుతూ, "ఇదేంటే కరుణా?" అని కంగారుపడేది. కీబోర్డుకని చెప్తే ఇంకా కంగారుపడేది. ఇప్పుడు అడగడం మానేసింది.

ఆ మెత్తదనం వేలికి తగిలినప్పుడల్లా నాకు శకుంతల మేడం పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. ఇప్పటికీ నాకు పై అధికారి ఎవరని ఎవరైనా అడిగితే నాలుక చివరికి ఆవిడ పేరే వస్తుంది.

మాది లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ. నందిగామ ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ అని ఒకటుండేది. సెక్షన్ అంటే పెద్ద మాట; ఒక గది, రెండు బల్లలు, ఆవిడ, నేను. చుట్టుపక్కల బుకింగ్ ఆఫీసుల్లో ఏ కంప్యూటర్ మొరాయించినా మాదే బాధ్యత. ఆవిడ వత్సవాయి రైతుల ఇంటి ఆడపడుచు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజాన అరిగిన తోలు సంచి, నుదుట శనగబద్దంత మెరూన్ బొట్టు. మా వైపు ఎండలకి ఆ బొట్టు మధ్యాహ్నానికల్లా చెమటకి జారిపోయేది. ఆడవాళ్ళు దాన్ని ఇంట్లో అయితే అద్దానికి అంటిస్తారు కదా, ఆవిడ కంప్యూటర్ తెర అంచుకు అంటించి, సంచిలోంచి కొత్తది తీసి పెట్టుకునేవారు. వారం తిరిగేసరికి తెర చుట్టూ బొట్లు వరస కట్టేవి. శుక్రవారం సాయంత్రం వాటిని గిల్లి పారేసేవారు. ఆ పని తప్ప ఆ గదిలో ఊడ్చేపనీ తుడిచేపనీ ఏదీ ఆవిడ పట్టించుకోగా నేను చూడలేదు. బల్ల మీద దుమ్ము గురించి అంటే, "దాన్నేం అంటావే, అది మనకంటే సీనియర్" అనేవారు.

ఉద్యోగంలో చేరిన వారమే నన్ను జగ్గయ్యపేట బుకింగ్ ఆఫీసుకు తీసుకెళ్ళారు. సిమెంటు, మిర్చి, పత్తి, ఏ లోడు వెళ్ళాలన్నా ఆ కిటికీ దగ్గర రసీదు పుట్టాల్సిందే. నాకు చదువు అప్పుడే అయింది, చేతులు దురద పెడుతున్నాయి. ఏదో ఒకటి బాగుచేసి చూపించాలని నా ఆత్రం. ఆవిడ ఒక స్టూలు లాగి, గుమాస్తాల పక్కన వేసి, "చేతులు కట్టుకుని కూర్చో. వాళ్ళ వేళ్ళు చూడు" అన్నారు.

"వేళ్ళల్లో ఏముంటదండి మేడం? తెర చూస్తే కదా తెలిసేది?"

"తెర మీద వాళ్ళు చేసిన పని కనపడద్ది. వేళ్ళల్లో వాళ్ళు పడ్డ తిప్పలు కనపడతయ్. మనకి జీతం ఇచ్చేది రెండోదానికి."

పొద్దస్తమానం కూర్చున్నాను. విసుగొచ్చింది, ఆకలేసింది, ఆవలింతలొచ్చాయి. సాయంత్రం బస్సులో ఏం చూశావని అడిగితే, అందరూ బాగానే కొడుతున్నారండీ అని చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చిల్లకల్లు రోడ్డు చూస్తూ, "రేపూ కూర్చో" అన్నారు. అంతకంటే పెద్ద తిట్టు ఆవిడ దగ్గర నేను ఎప్పుడూ తినలేదు.

మా పని ఏమిటో ఇక్కడ కాస్త చెప్పాలి. బుకింగ్ లెక్కలన్నీ ఉండే పెద్ద మెషిను విజయవాడలో ఉండేది. అది పాతకాలపుది, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. జగ్గయ్యపేటలో కూర్చున్న గుమాస్తా ఇక్కడి నుంచే అందులోకి లాగిన్ అయ్యి రసీదులు కొట్టేవాడు. అందుకోసం దానికి సరిపడ్డ పాత టెర్మినళ్ళు, అంటే సొంత బుర్రలేని తెరలు, పాత కీబోర్డులు ఉండేవి. అవి ఒక్కొక్కటే మూలపడుతుంటే కంపెనీ వాటన్నిటినీ తీసేసి మామూలు కంప్యూటర్లు పంపింది. పాత టెర్మినల్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి వాటిలో వేసింది. వేషం బాగానే కుదిరింది, అదే నలుపు, అదే ఆకుపచ్చ. తేడా అంతా కీబోర్డులోనే వచ్చింది. మనం ఏ కీ నొక్కినా అవతలి మెషినుకి చేరేది ఒక సంకేతమే. ఇక్కడ ఏ కీ నొక్కితే అక్కడికి ఏ సంకేతం వెళ్ళాలో చెప్పే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దాన్నే కీ మ్యాపింగ్ అంటాం. విజయవాడ నుంచి వచ్చిన మ్యాపింగ్ ఎవరు తయారుచేశారో కానీ, రసీదు అనేది ఒకటుంటుందని తెలియనివాళ్ళు చేసినట్టుంది.

మొదటి రోజు ఆఫీసంతా సంత. చెరిపే కీ నొక్కితే అక్షరం చెరగకపోగా గుడిసె కప్పు లాంటి గుర్తొకటి, దాని పక్కన హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం ఒకటి పడుతున్నాయి. చూసుకోకుండా రసీదు కొట్టి ఇచ్చేశారు. కోదాడ వైపు డ్రైవరొకాయన అది తిప్పి తిప్పి చూసి, "ఏందన్నా, నా పేరుల ఇన్ని గుడిసెలేసినవ్? పట్టాలు గూడ ఇప్పిస్తవా?" అన్నాడు. కిటికీ దగ్గర లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, "రెండు వారాలు పోతే వాళ్ళకే అలవాటైపోద్దిలెండి మేడం" అన్నాను.

శకుంతల మేడం నవ్వలేదు. "కొత్త చెప్పు కరిస్తే చెప్పు సాగదీస్తామా, కాలు కోసుకుంటామా?"

"చెప్పే సాగదీస్తాం."

"మరి? కంప్యూటర్‌కి చెప్తే వినే గుణం ఉంది. మడుసులకి లేదు. వినేదానికి చెప్పు."

ఆవిడ కూర్చుని ఆ సెట్టింగు తెరిచి, చెరిపే కీకి వెళ్ళాల్సిన సంకేతం మార్చారు. చేసింది అంతే. గుడిసెలు ఎగిరిపోయాయి. గుమాస్తాలు పండగ చేసుకున్నారు. నాకు మాత్రం అప్పుడే, ఆ కుర్చీ పక్కన నిలబడి ఉండగా, ఈ పని చెయ్యాలని గట్టిగా అనిపించింది. ఎవరో ఎక్కడో తీసుకున్న నిర్ణయాన్ని ఇక్కడ ఈ కిటికీ దగ్గర మనం మార్చగలం అన్న సంగతి నన్ను ఎంత సంతోషపెట్టిందో చెప్పలేను.

అప్పటికి సాంబయ్య బాబాయ్ సెలవులో ఉన్నాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. ఆయన కంటే నాలుగైదేళ్ళే చిన్నదైన శకుంతల మేడం కూడా బాబాయ్ అనేవారు, ఆయన ఉడుక్కునేవాడు. పెనుగంచిప్రోలు నుంచి రోజూ ఆటోలో వచ్చే మనిషి. జగ్గయ్యపేట కిటికీ ఆయనదే. డ్రైవర్లకి ఆయన మొహం కంటే గొంతు బాగా తెలుసు, "ఏం లోడు, ఏ ఊరు, ఎవరి బండి?" అని ఒక్క ఊపిరిలో అడిగేవాడు. ఎండలు ముదిరినప్పుడు ఆయనకి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాట పోలేదు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకుంటే ఒళ్ళోనే ఉండేది, కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. వర్షాలు మొదలయ్యాక తిరిగి పనిలోకి వచ్చాడు. వచ్చేసరికి ఆయన బల్ల మీద పాత టెర్మినల్ లేదు.

పాత కీబోర్డు మీద రసీదు పంపడానికీ, వెనక్కి వెళ్ళడానికీ విడివిడిగా పెద్ద కీలుండేవి. కొత్తదాంట్లో షిఫ్ట్ పట్టుకుని పై వరసలో కీ నొక్కాలి. రెండు చేతులున్నవాడికి అది పనే కాదు. బాబాయ్ ఎడమ బొటనవేలితో షిఫ్ట్ నొక్కి, అదే చేతి వేళ్ళు పైకి చాచేవాడు. అవి వణికేవి. పంపాల్సిన కీ పక్కనే రద్దు కీ ఉంది. వేలు జారితే మొత్తం బుకింగు పోయేది. మళ్ళీ మొదటినుంచి కొట్టేవాడు. బండి బండికీ కిటికీ బయట అరుపులు పెరిగేవి. అంతకాలం అందరి మీదా అరిచిన మనిషి, కిక్కురుమనకుండా తల వంచుకుని కొట్టడం చూడలేకపోయేదాన్ని.

సంగతి విజయవాడ చేరింది. అక్కడి మేనేజరు ఫోన్ చేసి, తాను దసరా వెళ్ళగానే వచ్చి చూస్తాననీ, ఆయన కొత్త కంప్యూటర్ మీద బుకింగు చెయ్యలేకపోతే గోడౌన్‌కి మార్చేద్దామనీ చెప్పాడు. మంచి మాటగానే చెప్పాడు. గోడౌన్‌లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి బస్తాలు దింపించుకోవాలి. కాలు ఈడ్చే మనిషికి అది ఇంటికి పొమ్మని చెప్పడమే. ఆ సాయంత్రం బాబాయ్ మా ఇద్దరినీ టీకి పిలిచి, గ్లాసు ఎడమచేత్తో తిప్పుతూ అన్నాడు, "ఉద్యోగం పోతే తిండికి లోటు లేదు శకుంతలమ్మగారా, మా వాళ్ళు చూసుకుంటారు. ఇంట్లో పొద్దు గూకులూ ఎట్టుంది, ఎట్టుంది అని అడుగుతారండి. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవడూ అడగడు. అరగంట లేటయిందేందయ్యా అని బూతులు తిడతారు. అప్పుడు నాకు ఏ జబ్బూ రాలేదనిపిస్తది." నాకు ఏడుపొచ్చింది. శకుంతల మేడం టీ తాగడం పూర్తిచేసి, "రేపు మీ పక్కన కూర్చుంటా" అన్నారు.

నిజంగానే కూర్చున్నారు. రెండు రోజులు ఆయన చెయ్యి తప్ప ఇంకేమీ చూడలేదు. మూడోరోజు నన్ను పిలిచి, "ఆయన చెయ్యి ఏ పక్కకి వెళ్ళి ఆగుతుందో చూసావా?" అన్నారు. అప్పటికి నాకు కళ్ళు వచ్చాయి. ప్రతి మాట కొట్టాక ఆయన చెయ్యి అలసి, కీబోర్డు ఎడమ అంచున వాలి క్షణం ఆగుతోంది. అక్కడ ఎవరికీ అక్కరలేని కీలున్నాయి. చిన్నక్షరాలు కొట్టినా పెద్దక్షరాలుగా తీసుకునే ఆ ప్రోగ్రాంలో క్యాప్స్ లాక్‌కి పనే లేదు. పంపే సంకేతాన్ని ఆవిడ నా చేతే దానిమీదికి మార్పించారు. వెనక్కి వెళ్ళేదాన్ని పైన ట్యాబ్ మీదికి, రసీదు అచ్చు వేసేదాన్ని ఆ పై మూలకి. చెరపడం కూడా ఎడమ పక్కకే వచ్చింది. నేను ఊపులో రద్దును కూడా అక్కడే పెట్టబోతే చెయ్యి పట్టుకున్నారు.

"దాన్ని కుడిచేతి పై మూలకి నెట్టు. ఆ కొసకి."

"ఆయనకి అందదండీ."

"అందకూడదు. రద్దు చెయ్యాలంటే మనిషి కుర్చీలో జరిగి, వంగి, ఆలోచించుకుని నొక్కాలి. మంచిపని చేతికింద ఉండాలి, చెడగొట్టే పని ఊరవతల ఉండాలి."

సేవ్ చేసేటప్పుడు ఫైలుకు పేరడిగింది. నేను బాబాయ్ అని కొట్టాను.

అయినా ఒక చిక్కు మిగిలింది. బాబాయ్ కళ్ళజోడు దగ్గరి చూపుకి ఒకటి, తెరకి ఒకటి. కీబోర్డు చూడాలంటే ఒకటి తియ్యాలి, తెర చూడాలంటే ఇంకోటి పెట్టాలి, ఉన్న ఒక్క చెయ్యీ దానికే సరిపోయేది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ మీద కంప్యూటర్లు నడుస్తున్నాయి, ఫ్యాను ఆగింది. శకుంతల మేడం నుదుటి మీద బొట్టు జారింది. అలవాటు ప్రకారం దాన్ని తీసి తెరకి అంటించబోయి, ఆగారు. వంగి క్యాప్స్ లాక్ మీద అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కారు.

"ఇప్పుడు వెతకండి బాబాయ్. కిందకి చూడమాకండి."

ఆయన ఎడమచెయ్యి కీబోర్డు మీద తడుముకుంటూ వెళ్ళింది. మెత్తటి బొట్టు తగలగానే ఆగింది. మొహమంతా నవ్వయింది. ఆవిడ ప్యాకెట్టు తీశారు. వెనక్కి వెళ్ళేదానికి చిన్న బొట్టు, అచ్చుకి నిలువు బొట్టు, చెరిపేదానికి రాయి పొదిగింది. మరి రద్దుకో అని నేను అడిగితే, "దానికి బొట్టెందుకే, అదేమన్నా మనింటి పేరంటాలా?" అన్నారు. బాబాయ్ పగలబడి నవ్వి, "మా ఆవిడ చూస్తే దీనికి చీర కూడా పెట్టి పంపమంటదండి" అన్నాడు. జబ్బు చేశాక ఆయన గట్టిగా నవ్వగా వినడం అదే మొదటిసారి.

ఆ రోజు ఆయన ఇంటికి వెళ్ళబోతుంటే, మేడం మూలనున్న పాడైన కీబోర్డొకటి సంచిలో పెట్టి ఇచ్చారు. దేనికీ తగిలించక్కర్లేదు, మంచం మీద కూర్చుని ఉత్తినే కొట్టుకొమ్మన్నారు. దానికి కూడా బొట్లు పెట్టనా అని నేను ప్యాకెట్టు అందుకోబోతే, లాగేసుకుని సంచిలో వేసుకున్నారు. "దానికొద్దులే." నేను పిసినారితనం అనుకున్నాను. బాబాయ్ రోజూ వచ్చి ఇంటి కబుర్లు చెప్పేవాడు. "మా ఆవిడ ఈదంతా చెప్పిందమ్మాయ్, మా ఆయన కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ నేర్చుకుంటన్నాడని. చుట్టుపక్కలోళ్ళు చూడ్డానికొస్తన్నారు." ఆఫీసులో రోజురోజుకీ ఆయన చెయ్యి కుదురుకుంటూ వచ్చింది. దసరా సెలవుకి ముందు, డ్రైవరెవరో బయటినుంచి అరిస్తే, తిరిగి అంతకంటే గట్టిగా అరిచాడు. మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం.

పండగ వెళ్ళిన మర్నాడు మేనేజరు వస్తాడని, మేమిద్దరం మొదటి బస్సుకే జగ్గయ్యపేట చేరుకున్నాం. ఆఫీసు తలుపు తీయగానే సాంబ్రాణి వాసన. ఆయుధపూజ ఘనంగా చేసినట్టున్నారు. తక్కెడకి, తాళాలకి, ఫోనుకి, అన్నిటికీ పసుపు కుంకుమ. బాబాయ్ బల్ల దగ్గరికెళ్ళి నేను కొయ్యబారిపోయాను. ఆయన కీబోర్డు మీద ఒక్క కీ వదలకుండా బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. ఏ నుంచి జెడ్ దాకా, అంకెలు, బాణాలు, అన్నీ ముత్తైదువుల్లా కూర్చున్నాయి. ఊడ్చే రత్తమ్మ పక్కనే చీపురు పట్టుకుని మురిసిపోతోంది.

"ఎవరు చేసారిది?" అన్నాను.

"నేనేనమ్మా. బాబాయ్ కీబోర్డుకి మూలన నాలుగే బొట్లున్నయ్. మిగతాయేం పాపం చేసినయ్యని, నా డబ్బులు పెట్టి ప్యాకెట్లు కొనుక్కొచ్చి అన్నిటికీ పెట్టా. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కుంకుమ కూడా పూసా. బాబాయ్ ఉజ్జోగం నిలబడాలని మొక్కుకున్నా."

బొట్లని గోళ్ళతో గిల్లడం మొదలుపెట్టాను. రత్తమ్మ నొక్కి నొక్కి అంటించింది, ఒక్కటీ రాదు. బయట కారు ఆగిన చప్పుడయింది. శకుంతల మేడం నా చెయ్యి తీసేసి, "ఉండనీ" అన్నారు. ఆవిడ మొహం కూడా పాలిపోయే ఉంది. అది నేను కల్పించి చెప్పడంలేదు.

మేనేజరు వచ్చి బాబాయ్ వెనక నిలబడ్డాడు. కిటికీలో మిర్చి లోడు డ్రైవరు. బాబాయ్ చెయ్యి కీబోర్డు మీద పెట్టాడు. అంతా మెత్తగా, ఎక్కడ తడిమినా బొట్టే. చెయ్యి గాలిలో ఆగిపోయింది. తల తిప్పి శకుంతల మేడం వంక చూశాడు. ఆవిడ ఆయన మొహం చూడనే లేదు, చెయ్యి వంకే చూస్తున్నారు. ఆయన కూడా తన చెయ్యి వంక చూసుకున్నాడు. తరవాత కళ్ళు తెరమీదికి తిప్పి, చిటికెన వేలిని కీబోర్డు ఎడమ అంచుకు ఆనించాడు. అంతే. "ఏం లోడు, ఏ ఊరు, ఎవరి బండి?" అని ఒక్క ఊపిరిలో అడిగాడు. వేళ్ళు నడిచాయి. ఒకచోట తప్పు పడింది, చెరిపాడు, గుడిసె రాలేదు. క్యాప్స్ లాక్ నొక్కాడు. పక్కన ప్రింటరు కరకరమంటూ రసీదు బయటికి తోసింది. డ్రైవరు అది తీసుకుని, ఇక్కడ ఏదో జరిగిందన్న ధ్యాసే లేకుండా వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడం చూసి నాకు పొంగుకొచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు.

మేనేజరు ఇంకో రెండు బుకింగులు చూసి, తల ఊపి, "బానే ఉంది. కానీ మేడం, ఒక్క మనిషి కోసం స్పెషల్‌గా సెట్టింగంటే పైవాళ్ళు ఒప్పుకుంటారా? అందరికీ ఒకటే ఉండాలి కదా" అన్నాడు.

"అందరికీ ఇదే పెట్టండి సార్" అన్నారు శకుంతల మేడం.

"వాళ్ళకి రెండు చేతులున్నయ్ కదండీ."

"ఉన్నయ్. రెండూ ఖాళీగా ఉన్నోడు ఒక్కడన్నా ఉన్నాడా? చూపించండి."

మేనేజరు ఆఫీసంతా కలియచూశాడు. ఒకడు ఎడమచేత్తో ఫోను పట్టుకున్నాడు. ఇంకొకడు కిటికీలోంచి కాగితాలు అందుకుంటున్నాడు. మూడోవాడి చేతిలో టీ గ్లాసు. మేనేజరు తన చేతుల వంక కూడా చూసుకున్నాడు. ఒక దాంట్లో ఫైలుంది. గట్టిగా నవ్వేశాడు. ఈ మాట చెప్పడానికే ఆవిడ ఆ స్టూలు మీద అన్నేళ్ళు కూర్చున్నారేమో అనిపించింది నాకు.

తిరుగు బస్సులో అడిగాను, బొట్లన్నీ కలిసిపోయినా బాబాయ్ ఎట్లా కొట్టగలిగాడని. "ఇంటికిచ్చినదానికి బొట్లు లేవుగా" అన్నారు. "ఎప్పటికీ నా బొట్టే దిక్కయితే ఆయన చెయ్యి ఎప్పుడు నేర్చుకుంటది? సాయం అనేది దారి చూపించి పక్కకి జరగాలి కరుణా." ఆ మాట అని, నిద్రపోయారు. నందిగామ వచ్చేదాకా ఆవిడ తల నా భుజం మీదే ఉంది.

ఆ ఏడాదే ఆ ఫైలు మా ఆఫీసులన్నిటికీ వెళ్ళింది. బాబాయ్ తన కుర్చీలోనే ఉండి, తిడుతూ, తిట్టించుకుంటూ, ఆ కుర్చీలోంచే రిటైరయ్యాడు. శకుంతల మేడం ఆ తరవాత కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసి వత్సవాయి వెళ్ళిపోయారు. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచం మీద ఉన్నారు, బొట్టు మాత్రం అదే. ఆ ఫైలుకి మీ పేరు పెట్టాల్సిందండీ అన్నాను. "నేనేం కనిపెట్టానే? ఆయన చెయ్యి ఏం చెప్పిందో విన్నా, నువ్వు కొట్టావ్. పేరు కరెక్టుగానే పెట్టావ్" అన్నారు. వచ్చేటప్పుడు దిండు కింద నుంచి ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టి, నా మొహం చూసి, "నీకు కాదులే, భయపడమాక. కీబోర్డుకి" అని నవ్వారు. పోయినేడు ఆవిడ పోయారు. ఆవిడంటే నాకు ఎంత ప్రేమో ఆవిడకి ఒక్కసారి కూడా చెప్పలేదు. తెలిసే ఉంటుంది, నా చేతులు కూడా చూశారు కదా.

కంపెనీలో ఇప్పటికీ ఆ పాత ప్రోగ్రామే నడుస్తోంది. లాగిన్ అయ్యేటప్పుడు ఏ కీబోర్డు కావాలని రెండు పేర్లు చూపిస్తుంది. ఒకటి స్టాండర్డ్. దాన్ని నొక్కినవాళ్ళని నిన్నటిదాకా నేను చూడలేదు. నిన్న జగ్గయ్యపేటలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఇక్కడ బాబాయ్ అని వస్తందండి. వైరస్సేమో అని నొక్కలేదు. ఎవరండీ బాబాయ్?" అని అడిగింది. వచ్చి చెప్తానన్నాను. అందుకే ఈ రోజు ఆ బస్సెక్కాను.

పాత కిటికీ దగ్గరే ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఫోనుకి అలవాటుపడిన పిల్ల. వేళ్ళన్నీ ముడిచి, రెండు బొటనవేళ్ళతో కొడుతోంది. చూస్తే నవ్వొచ్చింది. పోనుపోను అలవాటవుతుందిలే అని నోటి దాకా వచ్చిన మాటని మింగేశాను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, చేతులు కట్టుకున్నాను.

"ఏం చెయ్యమంటారు మేడం?"

"ఏం లేదు. నీ పని నువ్వు చేసుకో. నేను చూస్తుంటా."

మధ్యాహ్నం దాకా చూశాను. ఆ పిల్ల బొటనవేళ్ళు అలసినప్పుడు ఏ కీ మీద వాలుతున్నాయో కనిపించింది. పంపే సంకేతాన్ని దానిమీదికి మార్చాను. సంచిలోంచి ప్యాకెట్టు తీసి, పొద్దున నా వేలికి అంటుకున్న ఆ బొట్టునే ఆ కీ మీద అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కాను.

"బొట్టేంటండీ, ఎవరిదండీ?" అంది.

"మా మేడంది. చెప్తా. ముందు కిందకి చూడకుండా వెతుకు."